మన గోడ మీద ఎవరి బొమ్మ?



వార్షికోత్సవానికి మన మెస్ హాలు గోడకి సున్నం వేయించి, దాని మీద "గిరిజన చిత్రాలు" వేయాలనుకుంటున్న సంగతి అందరికీ తెల్సిందే. చాలా సంతోషం. ఆ గోడ మీద ఇన్నాళ్లూ సాంబారు మరకలు తప్ప ఏమీ లేవు. ఐతే ఏ బొమ్మలు వెయ్యాలి అన్న దగ్గర నాకు పేచీ ఉంది. ఇప్పటికి అనుకుంటున్నదేమిటంటే, ఒక పాత కేలండర్లో ఉన్న వార్లీ బొమ్మకి గళ్లు గీసి, దాన్ని పెద్దది చేసి గోడకెక్కించడం. మనుషులు గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడుతుంటారు చూడండి, అదే బొమ్మ. వార్లీలు మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు కొండల వాళ్లు. ఆ బొమ్మ మధ్యలో ఒకడు ఊదుతున్నది తార్పా. సొరకాయ బుర్రతో చేస్తారు. మనలో ఒక్కరైనా దాని చప్పుడు విన్నామా? మన హాస్టల్లో సవర పిల్లలున్నారు, జాతాపు పిల్లలున్నారు, గదబ పిల్లలున్నారు. వార్లీ పిల్లలు ఒక్కరూ లేరు. "ఏదైతే ఏమిట్రా, అన్నీ గిరిజన బొమ్మలే కదా" అని ఒక అన్నయ్య అన్నాడు. నా పేచీ అంతా ఆ మాటతోనే.

ముందు దూరం నించి మొదలుపెడతాను. కొంచెం ఓపిక పట్టండి.

చిత్రకళ చరిత్ర పుస్తకం ఏది తెరిచినా ఇజాలు కనపడతాయి. ఇంప్రెషనిజం, ఫావిజం, క్యూబిజం. నేనైతే ఇవన్నీ చాలా పెద్ద సిద్ధాంతాలేమో, పండితులు కూర్చుని పెట్టిన పేర్లేమో అనుకునేవాణ్ణి. తీరా చదివితే అన్నీ వెక్కిరింతలే! క్లాడ్ మొనే 1872లో పొద్దు పొడుస్తున్న రేవు బొమ్మ ఒకటి వేసి దానికి "ఇంప్రెషన్, సన్‌రైజ్" అని పేరు పెట్టాడు. 1874లో పారిస్‌లో దాన్ని ప్రదర్శనకి పెడితే, లూయీ లెరువా అనే పత్రికాయన ఆ పేరు పట్టుకుని ఎగతాళి చేశాడు. అదే ఉద్యమం పేరైపోయింది. 1905లో మతీస్ వాళ్ల మండే రంగులు చూసి ఇంకో విమర్శకుడు, లూయీ వోసెల్, వీళ్లు "ఫావ్‌లు" అన్నాడు. అంటే అడివి మృగాలని అర్థం. 1908లో బ్రాక్ బొమ్మలు చూసి అన్నీ డబ్బాలే అన్నాడు కూడా ఆయనే. దాన్నించి క్యూబిజం వచ్చింది. మన క్లాసులో ఎవడికైనా ఎక్కిరించి పెట్టిన పేరే పదో తరగతి దాకా నిలిచిపోతుందే, అలాగన్న మాట.

కానీ ఒకటి గమనించండి. ఉద్యమాన్ని వెక్కిరించినా మనిషి పేరు మాత్రం పోలేదు. మొనే మొనేయే. మతీస్ మతీసే. ఏ బొమ్మ ఎవరు వేశారో, ఏ యేడు వేశారో, ఏ ఊళ్లో ఉండి వేశారో, అన్నీ రాసిపెట్టారు.

ఇప్పుడు 1907కి రండి. పికాసో పారిస్‌లో ట్రొకడెరో మ్యూజియానికి వెళ్లాడు. అక్కడ ఆఫ్రికా నించి, ఇంకా వేరే దీవుల నించి తెచ్చిన కొయ్య ముఖాలు, బొమ్మలు ఉండేవి. అవి అతని మనసులో గట్టిగా నాటుకున్నాయి. ఆ యేడే అతను ఐదుగురు ఆడవాళ్లున్న పెద్ద చిత్రం ఒకటి వేశాడు, "అవిన్యో యువతులు" అని. దాన్లో కుడివైపు ఇద్దరి ముఖాలు ముఖాల్లా ఉండవు, కొయ్య ముసుగుల్లా ఉంటాయి. క్యూబిజానికి దారి వేసింది ఆ చిత్రమే అని పెద్దలు రాస్తారు. ఇప్పుడది న్యూయార్క్ మ్యూజియంలో ఉంది. పికాసో పేరు మన ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా తెల్సు. మరి ఆ ముసుగులు చెక్కింది ఎవరు? ఎవరో! ఫలానా తెగ అని ఒక చీటీ ఉంటుంది, అంతే.

చెక్కిన వాడికి పేరు లేకేం? ఊళ్లో అందరికీ తెల్సే ఉంటుంది. మనూళ్లలో డప్పు ఎవరు బాగా కడతారో, ఎవరు అల్లిన బుట్ట నీళ్లు మోసేంత గట్టిగా ఉంటుందో మనకి తెలీదా? తెచ్చిన దొరలు అడగలేదు. అడిగితే రాసుకునేవాళ్లు కదా.

అడిగితే ఏమౌతుందో చెప్పడానికి ఒక పేరు చెప్తాను: ఒలోవే. నైజీరియాలో ఇసే అనే ఊరి శిల్పి, యొరూబా మనిషి. 1938లో పోయాడు. ఇకెరె రాజుగారి నగరికి పెద్ద తలుపు చెక్కాడు. రాజుగారు సింహాసనం మీద కూర్చుని ఉంటే తెల్లదొరని మనుషులు మోసుకొస్తున్నట్టు ఆ తలుపు మీద ఉంటుంది. దాన్ని 1924లో లండన్ వెంబ్లీ ఎగ్జిబిషన్‌లో పెట్టారు. చూసిన బ్రిటిష్ మ్యూజియం వాళ్లు ఇమ్మని అడిగారు. రాజుగారు డబ్బుకి అమ్మలేదు. ఇంగ్లండ్‌లో చేసిన ఒక సింహాసనం పుచ్చుకుని బదులుగా ఇచ్చాడు. ఒలోవే తన రాజుకి ఇంకో తలుపు చెక్కి ఇచ్చాడు. నాకీ కథ భలే నచ్చింది. ఎందుకంటే దీన్లో రాజుకి పేరుంది, శిల్పికి పేరుంది, ఇచ్చింది ఏమిటో పుచ్చుకుంది ఏమిటో లెక్కుంది.

ఐతే పికాసో దొంగ అని నేను అనట్లేదు. అలా రాశానని సార్ దగ్గర ఎవరూ చెప్పకండి. ఒకరిది చూసి ఇంకొకరు నేర్చుకోవడం తప్పు కాదు. 1887లో వాన్‌గో జపాన్ చిత్రకారుడు హిరోషిగే అచ్చు బొమ్మలు రెండింటిని చూసి చూసినట్టు రంగుల్లో వేశాడు, పూల చెట్టు ఒకటి, వానలో వంతెన ఒకటి. అది కాపీయే. కానీ అవి ఎవరివో ఇవ్వాళ్టికీ లోకానికి తెల్సు. హిరోషిగే సంతకం అచ్చులోనే ఉంది కాబట్టి తెల్సు. తేడా అక్కడుంది. పేరున్న వాడిది తీసుకుంటే "ప్రభావం" అంటారు. పేరు రాయని వాడిది తీసుకుంటే అది అడివిలో పుట్టిన చింతచెట్టుతో సమానం, ఎవరు దులిపితే వాళ్లదే. 1984లో న్యూయార్క్‌లో ఆధునిక చిత్రాల్నీ ఆదివాసీ వస్తువుల్నీ పక్కపక్కన పెట్టి చాలా పెద్ద ప్రదర్శన చేశారు. ఆదివాసీ వస్తువుల కింద తేదీ కూడా వెయ్యలేదని థామస్ మెకెవిలీ అనే విమర్శకుడు అప్పుడే గట్టిగా తగులుకున్నాడు. తేదీ లేకపోతే ఏమౌతుంది? అవి ఎప్పుడో ఆది కాలంలో పుట్టినట్టూ, చేసిన వాళ్లకి నిన్నా మొన్నా లేనట్టూ అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న చోటికి వచ్చాను. అది కూడా ఒక బడి గోడ కథే.

ఆస్ట్రేలియా మధ్యలో ఎడారి. ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్నానికి దగ్గర దగ్గర 240 కిలోమీటర్ల దూరంలో పాపున్య అని ఒక సెటిల్‌మెంటు. పింటుపి, లురిచ్చ, వార్ల్‌పిరి, ఇంకా వేరే తెగల వాళ్లని ఎడారి నించి తెచ్చి అక్కడ పెట్టారు. వాళ్లు తెల్లవాళ్లలా మారాలని అప్పటి ప్రభుత్వ విధానం. 1971లో జెఫ్రీ బార్డన్ అనే కుర్ర మాష్టారు ఆ బడికి వచ్చాడు. క్లాసులో బొమ్మలు వెయ్యండ్రా అంటే పిల్లలు సినిమాల్లో చూసిన కౌబాయ్‌లని వేసేవాళ్లట. బయట మాత్రం ఇసకలో వేళ్లతో గుండ్రాలు, గీతలు గీసుకుంటూ ఒకళ్లకొకళ్లు కథలు చెప్పుకునేవాళ్లు. బార్డన్ అది చూశాడు. మీకొచ్చినవి వెయ్యండి అన్నాడు.

(ఇక్కడ మన డ్రాయింగ్ నోటు పుస్తకాలు ఒకసారి తీసి చూడండి. కొబ్బరిచెట్టు, రెండు కొండల మధ్య సూర్యుడు, నదిలో పడవ. మనం పుట్టిందే కొండల మీద, మరి మన కొండ ఒక్కటైనా అలా మూడు మూలల గీతలా ఉందా?)

పిల్లల సంగతి పెద్దల దాకా వెళ్లింది. బడి ఆవరణ ఊడ్చి శుభ్రం చేసే పనివాళ్లలో బిల్లీ స్టాక్‌మన్, లాంగ్ జాక్ ఉన్నారు. వాళ్లు వాళ్ల తెగల్లో పెద్దమనుషులు. కాపా అనే చెయ్యి తిరిగిన చిత్రకారుడూ కలిశాడు. బడి గోడ మీద తేనెచీమల కథ వెయ్యాలని అనుకున్నారు. ఆ చోటే తేనెచీమల తావు. ఏది వెయ్యొచ్చు, ఎవరికి వేసే హక్కుంది అని పెద్దలు ముందు మాట్లాడుకున్నారు. మొదట వేసిన చీమలు తెల్లవాళ్ల పుస్తకంలో చీమల్లా వచ్చాయట. మీ చీమలు ఇలాగే ఉంటాయా అని బార్డన్ అడిగితే, వాటిని మార్చి వాళ్ల పద్ధతిలో వేశారు. గుండ్రాలు, వంపులు, దారులు. వాళ్ల రాతలో గుండ్రంలో గుండ్రం వేస్తే అది విడిది గానీ నీళ్ల తావు గానీ అవుతుంది. గుర్రపు నాడాలా వంచితే కూర్చున్న మనిషి. గీత గీస్తే నడిచిన దారి. చూడ్డానికి ముగ్గులా ఉంటుంది, చదివితే నేల పటం.

ఆ తర్వాత ఊరి పెద్దలు ఆగలేదు. గుడ్డ లేకపోతే అట్టలు, పళ్ల పెట్టెల చెక్కలు, రేకులు, నేల మీద పరిచే పలకలు, ఏది దొరికితే దాని మీద వేశారు. ఆ యేడు ఆగస్టులోనే ఆలిస్ స్ప్రింగ్స్‌లో పోటీ పెడితే కాపా చిత్రానికి మొదటి బహుమతిలో వాటా వచ్చింది. 1972లో చిత్రకారులు తమ సొంత కంపెనీ పెట్టుకున్నారు, పాపున్య తులా అని. ఇప్పటికీ నడుస్తోంది. ఓనర్లు వాళ్లే.

మరి ఆ గోడ ఏమైంది? 1974లో దాని మీద రంగు పూసేశారు! ప్రపంచంలో ఒక పెద్ద చిత్రకళా ఉద్యమం ఏ గోడ మీద మొదలైందో ఆ గోడకే రంగేశారు. వేయించిన వాళ్లకి అది పాతబడిన గోడ, అంతే. ఇది చదివిన రోజు నించీ మన గోడల మీద సున్నం బకెట్టు చూస్తే నాకు అదో రకంగా ఉంటోంది.

పాపున్య కథలో అంతా మంచే అని చెప్పను. ఆ బొమ్మల్లో కొన్ని దీక్ష తీసుకున్న మగవాళ్లు తప్ప ఇంకెవరూ చూడకూడనివి. అవి పట్నంలో ప్రదర్శనకి వెళ్లేసరికి చుట్టుపక్కల తెగల వాళ్లకి కోపం వచ్చింది. మా రహస్యం మీరెలా బయట పెట్టారని నిలదీశారు. అది న్యాయమైన కోపమే. అప్పట్నించీ చిత్రకారులు అలాంటివి వెయ్యడం మానేశారు, లేదంటే వాటి మీద చుక్కలు దట్టంగా పెట్టి కప్పేశారు. ఇవ్వాళ లోకమంతా "చుక్కల చిత్రాలు" అని మెచ్చుకుంటోందే, ఆ చుక్కల్లో సగం పని తెర కట్టడం! చూపిస్తూనే దాచడం. నాకు అన్ని ఇజాల కన్నా ఇదే గొప్ప తెలివి అనిపించింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. క్లిఫర్డ్ పాసమ్ అనే ఆయన 1977లో "వార్లుగులోంగ్" అనే పెద్ద చిత్రం వేశాడు. ఒక బ్యాంకు 1,200 డాలర్లకి కొని తన ట్రైనింగ్ సెంటర్ క్యాంటీన్లో వేలాడదీసింది. అంటే అది కూడా మెస్సే! 2007లో వేలంలో అది 24 లక్షల డాలర్లకి పోయింది. ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో ఉంది. క్లిఫర్డ్ 2002లోనే చనిపోయాడు. వేలం డబ్బులో వాళ్లింటికి ఒక్క డాలరు ఇవ్వాలన్న చట్టం అప్పటికి లేదు. 2010 జూన్ నించి ఆ దేశంలో చట్టం అమల్లోకి వచ్చింది, వెయ్యి డాలర్లు దాటి మళ్లీ అమ్మినప్పుడు నూటికి ఐదు చిత్రకారుడికో వారసులకో ఇవ్వాలని. అంతకు ముందు 1966లో ఇంకా విచిత్రం జరిగింది. ఆ దేశం కొత్త డాలరు నోటు మీద డేవిడ్ మలాంగి అనే ఆదివాసీ చిత్రకారుడు చెట్టుబెరడు మీద వేసిన బొమ్మని ఆయన్ని అడక్కుండానే అచ్చేసేశారు. ఎవరో పేరులేని వాళ్లది అనుకున్నారట. ఆ బొమ్మ ఎవరిదో గుర్తుపట్టి చెప్పింది అక్కడి బడి మాష్టారు ఒకాయన. తర్వాత మలాంగికి వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సరంజామా ఇచ్చారు. దేశంలో ప్రతి జేబులోనూ ఆయన బొమ్మ, ఆయనకేమో గేలం!

ఇక మన కొండలకి వస్తాను. సవర ఇళ్లల్లో గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీళ్లలో కలిపి, చివర నమిలిన పుల్లతో వేసే బొమ్మ మీలో చాలామందికి తెల్సు. పుస్తకాల్లో ఇడితాల్ అని రాస్తారు. నాలుగు గీతల చట్రం గీస్తారు, అది ఇల్లు. లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు. వెరియర్ ఎల్విన్ ఆ కాలంలోనే ఒరిస్సా సవర ఊళ్లలో తిరిగి చూసి, ఆ బొమ్మల్లో విమానాలు కూడా ఉన్నాయని రాశాడు. కాబట్టి మనది మారని కళ అనే వాళ్ల మాట నమ్మకండి. విమానం పైనించి వెళ్లింది, మన వాళ్లు గోడ మీద దింపేశారు.

అది అలంకారానికి వేసేది కాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసినప్పుడో, విత్తనం వేసేటప్పుడో, పోయిన పెద్దల కోసమో వేస్తారు. ఏ దేవతకి, ఏ పెద్దకి వెయ్యాలో చెప్పే మనిషి వేరే ఉంటాడు. వేశాక పిలుస్తారు, వచ్చి ఈ ఇంట్లో ఉండమని. మా తాత అనేవాడు, "అది బొమ్మ కాదురా, పీట" అని. కూర్చోడానికి వేసిన పీట. ఇప్పుడు చెప్పండి, ఆ పీట తీసుకెళ్లి మూడు వందల మంది ప్లేట్లు కడుక్కునే చోట వెయ్యొచ్చా?

వెయ్యొచ్చో లేదో నాకు నేనుగా చెప్పను. చెప్పాల్సిన వాళ్లు ఊళ్లో ఉన్నారు. పాపున్య పెద్దలు చేసింది అదే కదా, ముందు కూర్చుని తేల్చుకున్నారు. ఇవి వెయ్యొచ్చు, ఇవి వొద్దు అని వాళ్లు అంటే ఆ ప్రకారం చేద్దాం. నెమలి, జీలుగు చెట్టు, కొండ మీద పోడు, సంతకెళ్లే ఆడవాళ్లు, వీటికి ఎవరూ అడ్డు చెప్పరనుకుంటాను. దేవుడి చట్రం మాత్రం వాళ్లు ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకూడదు.

మీరు అడగబోయేవి నాకు తెల్సు. ఒకటి, "మేం చర్చికి వెళ్తాం, మా ఇంట్లో ఆ బొమ్మలు వెయ్యడం ఎప్పుడో మానేశారు, మాకెందుకు?" నిజమే, ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు. ఐతే మీ అవ్వకి నేత, అల్లిక, వాకిట్లో ముగ్గు, ఏదో ఒకటి వచ్చే ఉంటుంది. అది ఏ దేవుడికీ అడ్డం రాదు. రెండోది జాతాపు, గదబ తమ్ముళ్లు అనేది, "మాకు గోడ బొమ్మలు లేవు కదా" అని. గదబ ఆడవాళ్లు చెట్టు నారతో నేసిన చారల కోకలు ఎక్కడికి పోయాయి? ఆ చారలు ఒక్కటి గోడకి అంచుగా వేస్తే ఆ గోడకి అంతకన్నా అందం ఉంటుందా? మూడోది మాష్టార్ల మాట: ముందు పబ్లిక్ పరీక్షలు, తర్వాత బొమ్మలు. సార్, ఆ మాటకి నేను ఎదురు చెప్పను. ఆదివారాలు వేసుకుంటాం.

వార్లీ బొమ్మ మీద నాకు కోపమేమీ లేదు. అది పెళ్లింట్లో పెళ్లైన ఆడవాళ్లు బియ్యప్పిండితో వేసే బొమ్మ. దాన్ని కాగితం మీదికి తెచ్చి దేశదేశాలకి చూపించినాయన జివ్య సోమ మషే. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయాడు. ఆయనకన్నా ముందు తరతరాలుగా వేసిన ఆడవాళ్ల పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆయన బొమ్మ పెట్టాలనుకుంటే కింద ఆయన పేరు రాసి, లైబ్రరీలో పెట్టుకుందాం. అంతేగానీ "గిరిజన చిత్రాలు" అని ఒక్క ముక్క రాసేసి మన గోడ మీద మనమే ఇంకొకళ్లలా వేషం వేసుకోవడం నాకు ఇష్టం లేదు. బయటి వాళ్లు మనందర్నీ ఒకే గాటన కడతారని కోపం తెచ్చుకునే మనమే ఆ పని చేస్తే ఎలా?

వార్డెన్ సార్‌కి నా విన్నపాలు. సున్నం వేయించేటప్పుడు ఒక గోడ వదిలిపెట్టండి, దానికి మేము ఎర్రమట్టి పూసుకుంటాం. మట్టి మేమే తెస్తాం, ఖర్చు లేదు. బియ్యప్పిండికి స్టోర్ రూం నించి రెండు కేజీల బియ్యం ఇప్పించాలి, మేము ఒక పూట తక్కువ తింటాం. (దీనికి సంతకాలు అడిగితే ఇప్పటికి పదకొండు మందే పెట్టారు.) ఊరి పెద్దల్లో ఇద్దర్నో ముగ్గుర్నో పిలిచి, వాళ్లకి బస్సు చార్జీ, భోజనం పెట్టాలి. వేసిన వాళ్ల పేరు, ఊరు, తేదీ గోడ కిందే రాయాలి. మళ్లీ ఎప్పుడైనా ఆ గోడకి రంగు వేయించాల్సి వస్తే, ముందు ఆ పేర్లున్న వాళ్లకి ఒక కార్డు ముక్క రాయాలి.

ఈ శనివారం ఔటింగ్‌కి ఊరెళ్లే వాళ్లు మీ ఇంట్లో, మీ వీధిలో గోడ బొమ్మ గానీ, అల్లిక గానీ, చెక్కడం గానీ బాగా వచ్చిన వాళ్లెవరో కనుక్కుని రండి. ఇంటి పేరుతో సహా రాసుకోండి, "మా అప్ప" అని రాస్తే ఎవరి అప్పో నాకు తెలీదు. వేటిని బయట వెయ్యకూడదో అది కూడా అడగండి. చీటీలు సోమవారం స్టడీ అవర్ అయ్యాక రెండో డార్మెటరీలో కిటికీ పక్క ట్రంకు పెట్టె దగ్గర ఇవ్వండి.